దారి మధ్యలో దింపేసినా చెయ్యి వదలని స్నేహం

విలియం కేరీ గారి పేరు వినని సంఘం తెలుగునాట అరుదు. చెప్పులు కుట్టే పనివాడు బైబిలు అనువాదకుడైన సంగతి సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే భారతదేశానికి ఆయన చేసిన ప్రయాణం మొదట్లోనే చెడిపోయిందని, ఎక్కిన ఓడలోనుంచి ఆయన్ని సామాన్లతో సహా దింపేశారని మన ప్రసంగాల్లో ఎక్కువగా వినబడదు. ఆ రోజు ఆయన పక్కన నిలబడ్డ స్నేహితుడి సంగతి ఇంకా తక్కువ. ఆ స్నేహితుడి పేరు జాన్ థామస్. ఈ వారం ఆ ఇద్దరి ప్రయాణాన్ని ధ్యానిద్దాం.

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్ ప్రాంతంలో, పాలర్స్‌పరీ అనే పల్లెటూళ్లో పుట్టారు. పెద్ద చదువులు చదవలేదు. చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు, ఆ పని చేస్తూనే భాషలు నేర్చుకున్నారు. 1781లో డొరతీ ప్లాకెట్ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. మౌల్టన్‌లోనూ తర్వాత లెస్టర్‌లోనూ బాప్టిస్టు సంఘాలకు కాపరిగా ఉన్నారు. సువార్త అన్ని జనాలకూ చేరాలన్న భారం ఆయన్ని నిద్రపోనివ్వలేదు. 1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో కొద్దిమంది కాపరులు ఒక ఇంట్లో కూడుకుని మిషనరీ సొసైటీని మొదలుపెట్టారు. ఆ రోజు పోగైన వాగ్దాన కానుక 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు.

ఆ చిన్న సొసైటీకి ఎటు వెళ్లాలో దారి చూపినవారు జాన్ థామస్. ఆయన ఓడల మీద పనిచేసిన వైద్యుడు. అంతకుముందే బెంగాల్ వెళ్లి, కొన్నేళ్లు అక్కడే ఉండి, బెంగాలీ నేర్చుకుని, సువార్త ప్రకటించి, మత్తయి సువార్తను ఆ భాషలోకి మార్చడం మొదలుపెట్టిన మనిషి. పేదలకు డబ్బు తీసుకోకుండా మందులిచ్చేవారు. ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకునేవారు. 1793 జనవరిలో కెటరింగ్‌లో కమిటీ ముందుకు ఆయన వచ్చినప్పుడు, కేరీ గారు ఆయన వెంట వెళ్లడానికి అక్కడే ఒప్పుకున్నారు.

కానీ థామస్ గారిలో ఒక బలహీనత ఉంది. డబ్బు ఆయన చేతిలో నిలిచేది కాదు. బెంగాల్‌లో వ్యాపారాల్లో చెయ్యి పెట్టి అప్పులు చేశారు. ఇంగ్లండుకు వచ్చాక కూడా అప్పులవాళ్లు వెతుకుతూనే ఉన్నారు. మనసు వేగం, మాట వేగం, ఉత్సాహం ఒక రోజు కొండమీద ఉంటే మరునాడు లోయలో ఉండేది. ఇలాంటి మనిషిని మన కమిటీలు పంపుతాయా? ఆ సొసైటీ పంపింది. కేరీ గారు వెంట వెళ్లారు.

అసలు చిక్కు ఇంట్లో మొదలైంది. డొరతమ్మ గారు అప్పుడు గర్భిణి. అంతకుముందే ఇద్దరు ఆడపిల్లల్ని మట్టికిచ్చిన తల్లి. ఆమె సముద్రాలు దాటి రానన్నారు. చివరికి పెద్ద కొడుకు ఫీలిక్స్‌ను మాత్రం వెంట తీసుకుని కేరీ గారు బయలుదేరారు. 1793 ఏప్రిల్‌లో ఎర్ల్ ఆఫ్ ఆక్స్‌ఫర్డ్ అనే ఓడ ఎక్కారు. థామస్ గారి భార్య, కూతురు కూడా అదే ఓడలో ఉన్నారు.

ఆ రోజుల్లో భారతదేశానికి ఎవరు వెళ్లాలన్నా ఈస్టిండియా కంపెనీ అనుమతి పత్రం ఉండాలి. మిషనరీలంటే కంపెనీకి గిట్టదు. కేరీ, థామస్ ఇద్దరి దగ్గరా ఆ పత్రం లేదు. ఓడ కెప్టెన్ థామస్ గారికి తెలిసినవాడు కాబట్టి ఎక్కించుకున్నాడు. అయితే అప్పటికే ఫ్రాన్సుతో యుద్ధం మొదలైంది. ఓడలు గుంపుగా, కాపలాతో వెళ్లాలి గనుక ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి దగ్గర లంగరు వేసి వారాల తరబడి ఆగిపోయాయి. ఆ ఆగడంలోనే దెబ్బ తగిలింది. అనుమతి లేని మనిషిని ఎక్కించుకున్నావని, కంపెనీకి ఫిర్యాదు చేస్తామని బెదిరిస్తూ కెప్టెన్‌కు పేరు లేని ఉత్తరం ఒకటి వచ్చింది. థామస్ గారి అప్పులవాళ్ల పనే అయి ఉంటుందన్న అనుమానం బలంగా ఉండేది. ఉద్యోగం పోతుందని భయపడిన కెప్టెన్ వాళ్లను దిగిపొమ్మన్నాడు.

మే నెలలో ఒక రోజు కేరీ గారు, థామస్ గారు, చిన్న ఫీలిక్స్ ఒడ్డున దిగారు. థామస్ గారి భార్యాబిడ్డలు మాత్రం ఆ ఓడలోనే సాగిపోయారు. సంఘాలు ప్రార్థించి, కానుకలు పోగుచేసి, వీడ్కోలు కూటాలు పెట్టి పంపిన మనిషి, సముద్రం దాటకుండానే పెట్టెలతో రేవులో నిలబడ్డాడు. ఏ మొహంతో తిరిగి వెళ్లాలి? ఎవరి వల్ల ఇలా జరిగింది?

ప్రియ పాఠకులారా, ఇక్కడ కాసేపు ఆగుదాం. అప్పులు తనవి కావు. అపకీర్తి తనది కాదు. ఆ మాట కేరీ గారు అనడానికి పూర్తి హక్కు ఉంది. ఇక నీ దారి నీది, నా దారి నాది అని అక్కడే విడిపోవచ్చు. ఆయన అలా చేయలేదు. ఆలోచనలన్నీ తలకిందులయ్యాయని సొసైటీ కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ గారికి ఉత్తరం రాశారు, అయినా దేవుని చేతిలో ఉన్నామన్న నమ్మకం విడువలేదు. తర్వాత స్నేహితుడితో కలిసి లండను దారి పట్టారు.

లండనులో థామస్ గారు ఊరుకోలేదు. ఇంగ్లీషు ఓడలు కుదరకపోతే వేరే దేశపు ఓడ ఏదైనా ఉందా అని ఒక కాఫీ హోటల్లో వాకబు చేశారు. అక్కడ పనిచేసే మనిషి ఒక కాగితం ముక్క చేతిలో పెట్టాడు. డెన్మార్క్ ఓడ ఒకటి బెంగాల్ వెళ్తోందని, ఫలానా చోట అడగమని అందులో ఉంది. డేనిష్ ఓడకు ఈస్టిండియా కంపెనీ అనుమతితో పని లేదు. మూసుకుపోయిన తలుపు పక్కనే ఇంకో తలుపు కనబడింది.

ఆ రాత్రే ఇద్దరూ బయలుదేరి నార్తాంప్టన్ వైపు ప్రయాణం చేశారు. తెల్లవారేసరికి పిడింగ్టన్ అనే ఊళ్లో డొరతమ్మ గారి ఇంటి ముందు ఉన్నారు. ఆమె బాలింత. జేబెజ్ అని పేరు పెట్టిన పసివాడికి ఇంకా నెల నిండలేదు. వెళ్లిపోయాడనుకున్న భర్త, కొడుకు మళ్లీ గుమ్మంలో కనబడ్డారు. కలిసి భోజనం చేశారు. ఇప్పుడైనా రమ్మని భర్త అడిగారు. ఆమె మళ్లీ రానన్నారు. కేరీ గారు కన్నీళ్లతో సెలవు తీసుకుని థామస్ గారితో రోడ్డు మీదికి వచ్చేశారు.

కొంత దూరం వెళ్లాక థామస్ గారు ఆగిపోయారు. వెనక్కి వెళ్లి ఇంకొక్కసారి అడుగుతానన్నారు. కేరీ గారికి ఆశ లేదు, సమయం వృథా అవుతుందని చెప్పారు, కానీ ఆపలేదు. థామస్ గారు వెనక్కి వెళ్లి, ఇప్పుడు రాకపోతే ఈ కుటుంబం ఎప్పటికీ చెదిరిపోతుందని, బతికినంత కాలం ఆమె పశ్చాత్తాపపడతారని గట్టిగా చెప్పారు. ఆ మాటలకు డొరతమ్మ గారు కదిలిపోయారు. తన చెల్లెలు కిట్టీ కూడా వస్తే వస్తానన్నారు. కిట్టీ ప్రార్థన చేసి సరే అన్నది. ఒక్క రోజులో ఇల్లు సర్దేశారు.

ఇప్పుడు నలుగురు పెద్దవాళ్లు, నలుగురు పిల్లలు. ఎనిమిది మందికి ఓడ ఛార్జీ దాదాపు 600 పౌండ్లు అవుతుంది. చేతిలో ఉన్నది అందులో సగం కూడా లేదు. నార్తాంప్టన్‌లో జాన్ రైలాండ్ గారు తన దగ్గర ఉన్నది ఇచ్చి, లండనులోని స్నేహితులకు ఉత్తరాలు రాసి పంపారు. అయినా చాలలేదు. అప్పుడు థామస్ గారు తానూ కిట్టీ నౌకర్ల లెక్కన ప్రయాణం చేస్తామని బేరం పెట్టారు. చివరికి 300 గినీలకు కుదిరింది. పాత సామాన్లు ఇంకా పోర్ట్స్‌మౌత్‌లోనే ఉన్నాయి. ఇంగ్లీషు ఛానెల్ నిండా శత్రువుల పడవల భయం. పడవవాళ్లు వెళ్లడానికే జంకుతున్నారు. థామస్ గారే వెళ్లి, ఒకణ్ణి ఒప్పించి, ఆ సామాను డోవర్ రేవుకు చేర్చారు. 1793 జూన్ 13న క్రోన్ ప్రిన్సెస్సా మారియా అనే డేనిష్ ఓడలో అందరూ బయలుదేరారు. ఆ ఓడ కెప్టెన్ దయగలవాడు. నౌకర్ల లెక్కన ఎక్కినవాళ్లకూ మంచి గది ఇచ్చి, తన బల్ల దగ్గరే భోజనం పెట్టించాడు.

దాదాపు ఐదు నెలల సముద్ర ప్రయాణంలో థామస్ గారి దగ్గర కేరీ గారు బెంగాలీ నేర్చుకున్నారు. థామస్ గారు ఆదికాండాన్ని బెంగాలీలోకి మారుస్తుంటే, కేరీ గారు హెబ్రీ మూలం చూసి సాయం చేసేవారు. ఒకరికి ప్రజల భాష తెలుసు, ఇంకొకరికి మూలభాష తెలుసు. దారిలో పెద్ద తుఫాను వచ్చి ఓడ దెబ్బతిన్నది, బాగుచేసుకుని ముందుకు సాగారు. నవంబరులో కలకత్తా చేరారు.

ఇక్కడితో ఆపేస్తే కథ అందంగా ఉంటుంది. ఓడ నుంచి దింపేయడం వల్లే భార్యాబిడ్డలు కలిశారు, అంతా మేలుకే జరిగింది అని చెప్పి ఆమేన్ అనవచ్చు. కానీ జరిగినది అంత తేలిక కాదు. సత్యం చెప్పే సంఘం ఆ తర్వాతి పేజీలు కూడా చదవాలి.

కలకత్తాలో దిగిన కొద్ది వారాలకే తెచ్చిన డబ్బు, సరుకు థామస్ గారి చేతుల్లో కరిగిపోయాయి. పాత అప్పులవాళ్లు ఇక్కడా ఉన్నారు. థామస్ గారు పట్నంలో వైద్యం మొదలుపెట్టారు. కేరీ గారి కుటుంబం మాత్రం పరాయి దేశంలో, అద్దె ఇళ్లల్లో, చేతిలో కాసు లేకుండా మిగిలింది. డొరతమ్మ గారికి, పెద్ద కొడుక్కి రక్త విరేచనాలు పట్టుకున్నాయి. అడవిలో భూమి చేసుకుని బతుకుదామని సుందరవనాల వైపు పడవలో వెళ్లారు. ఆ రోజుల్లో స్నేహితుడి మీద కేరీ గారికి బాధ కలిగింది. డబ్బు విషయంలో ఆయన తీరు సరైనది కాదని దాచకుండా రాశారు కూడా. కానీ ప్రేమ చంపుకోలేదు. కొన్ని నెలలకే థామస్ గారి పరిచయం వల్లే జార్జ్ ఉడ్నీ అనే పెద్దమనిషి కేరీ గారికి మదనావతిలో నీలిమందు కర్మాగారం చూసుకునే ఉద్యోగం ఇచ్చాడు. థామస్ గారి దగ్గర పూర్వం మున్షీగా ఉన్న రామరామ బసు, కేరీ గారికి భాష నేర్పే మున్షీ అయ్యాడు. అన్నం పెట్టిన ఉద్యోగం, నోటికి అందిన భాష, రెండూ థామస్ గారి వల్ల వచ్చినవే.

మదనావతిలో 1794లో ఐదేళ్ల పీటర్ జబ్బుతో చనిపోయాడు. డొరతమ్మ గారు ఆ దెబ్బ తట్టుకోలేకపోయారు. ఆమె మనసు చెదిరింది, మళ్లీ కుదుటపడలేదు. 1807 డిసెంబరులో ఆమె చనిపోయేదాకా, పన్నెండేళ్ల పైచిలుకు ఆ ఇంట్లో ఒక గదిలో ఆమె కేకలు, పక్క గదిలో అనువాదం సాగాయి. రానని రెండుసార్లు చెప్పిన ఆ తల్లి, పశ్చాత్తాపపడతావన్న మాటకు లొంగి వచ్చింది. ఆమె కన్నీళ్ల మీదుగా దూకి మనం విజయగీతం పాడకూడదు. సేవకుల భార్యల మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కపెట్టే అలవాటు మన సంఘాల్లో కూడా ఉంది. పరిచర్యకు వెళ్తున్న కుటుంబాన్ని ప్రార్థించి పంపేటప్పుడు, ఆ ఇంటి ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకుని అమ్మా, నీ మనసులో ఏముంది అని అడిగేవారు ఉండాలి. డొరతమ్మ గారిని అలా అడిగినవారు ఎంతమంది?

1800లో కేరీ గారు శ్రీరాంపూర్ చేరారు. వచ్చి ఏడేళ్లయింది, స్థానికుల్లో ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. ఆ ఏడాది నవంబరు చివర్లో కృష్ణ పాల్ అనే వడ్రంగి కాలు జారి పడ్డాడు, భుజం కీలు తప్పింది. థామస్ గారు అప్పుడు అక్కడే ఉన్నారు. కేరీ గారి సాయంతో, మార్ష్‌మన్ గారి సాయంతో ఆ కీలు సరిచేశారు. భుజం సరిచేస్తూనే రక్షకుని గురించి చెప్పారు. కృష్ణ పాల్ విన్నాడు, నమ్మాడు. 1800 డిసెంబరు 28న హుగ్లీ నదిలో కేరీ గారు తన కొడుకు ఫీలిక్స్‌కు, కృష్ణ పాల్‌కు బాప్తిస్మం ఇచ్చారు. ఏడేళ్ల క్రితం రేవులో తండ్రితో పాటు దిగిపోయిన ఆ పిల్లవాడే ఈ ఫీలిక్స్.

ఆ రోజు థామస్ గారు నది ఒడ్డున లేరు. పదిహేడేళ్లుగా ఎదురుచూసిన ఫలం కళ్లముందు పండేసరికి ఆ ఆనందాన్ని ఆయన మనసు మోయలేకపోయింది. మతి చలించింది. బాప్తిస్మం జరుగుతున్నప్పుడు ఒక వైపు గదిలో థామస్ గారు, మరో వైపు గదిలో డొరతమ్మ గారు కేకలు పెడుతున్నారు. మధ్యలో ఒక తండ్రి నీళ్లలోకి దిగాడు. ఆ తర్వాత థామస్ గారు కొంత కోలుకున్నా, 1801 అక్టోబరు 13న దినాజ్‌పూర్‌లో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆయన వయసు 44 ఏళ్లు. ఆ ఏడాదే బెంగాలీ కొత్త నిబంధన అచ్చయి బయటికి వచ్చింది.

శ్రీరాంపూర్ పనికీ మన భాషకూ సంబంధం ఉంది. 1812 మార్చి 11న అక్కడి ముద్రణాలయం తగలబడింది. కాలిపోయిన రాతప్రతుల్లో కేరీ గారి తెలుగు వ్యాకరణం కూడా ఉంది. ఆయన మళ్లీ మొదటి నుంచి రాసి 1814లో అచ్చువేశారు. 1818లో తెలుగు కొత్త నిబంధన ఆ ముద్రణాలయం నుంచే వచ్చింది. మన అమ్మమ్మల చేతుల్లోకి తెలుగు వాక్యం చేరిన దారుల్లో అదొకటి. ఆ దారి మొదట్లో చూస్తే, ఓడ దిగి రేవులో నిలబడ్డ ఇద్దరు స్నేహితులు కనబడతారు. కేరీ గారు 1834 జూన్ 9న చనిపోయేదాకా ఈ దేశం విడిచి ఒక్కసారి కూడా ఇంగ్లండుకు తిరిగి వెళ్లలేదు.

అపొస్తలుల కార్యాల్లో కూడా ఇలాంటి ప్రయాణం ఒకటి ఉంది. పంఫూలియలో మార్కు మధ్యలో విడిచి వెళ్లిపోయాడు. రెండో ప్రయాణానికి అతన్ని వెంటబెట్టుకోవడానికి పౌలు ఒప్పుకోలేదు. బర్నబా మాత్రం అతని చెయ్యి పట్టుకుని కుప్రకు వెళ్లాడు. ఏళ్లు గడిచాక చెరసాలలోనుంచి ఆ మార్కునే తీసుకురమ్మని పౌలు తిమోతికి రాశాడు, పరిచర్యకు అతడు ప్రయోజనకరమైనవాడని. కేరీ గారిలో పౌలు పట్టుదల, బర్నబా మనసు రెండూ ఉన్నాయి. స్నేహితుడి తప్పును తప్పు అన్నారు. స్నేహితుణ్ణి మాత్రం రేవులో వదిలి వెళ్లలేదు.

మన మధ్య కూడా థామస్‌లు ఉన్నారు. ప్రార్థనలో నిప్పులా ఉంటారు, లెక్కల దగ్గర జారిపోతారు. ఉత్సాహంతో పది పనులు మొదలుపెడతారు, సగంలో కూలిపోతారు. అలాంటివారి చేతికి సంఘం డబ్బు పెట్టె ఇవ్వడం జ్ఞానం కాదు. శ్రీరాంపూర్ సహోదరులు డబ్బంతా ఉమ్మడి లెక్కలో ఉంచుకున్నారు. దాని వెనుక అనుభవం నేర్పిన పాఠం ఉంది. కానీ డబ్బు పెట్టె ఇవ్వకపోవడం వేరు, మనిషిని వెలివేయడం వేరు. అప్పులు చేసిన అతని చేతికే భుజం కీలు సరిచేసే నైపుణ్యం ఉంది. మతి చెదిరిన అతని మనసులోనే కృష్ణ పాల్ మీద కన్నీళ్లు ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. మనసుకు వచ్చే జబ్బును దయ్యం అనో, విశ్వాసం తక్కువనో ముద్రవేసే మాటలు మన సంఘాల్లో ఇంకా వినబడుతున్నాయి. తెలుగు వ్యాకరణం రాసిన ఆ ఇంట్లో, మొదటి బాప్తిస్మం జరిగిన ఆ రోజే, ఇద్దరు ఆ జబ్బుతో ఉన్నారు. వారిలో ఒకరు మిషనరీ, ఒకరు మిషనరీ భార్య. అలాంటి జబ్బు ఉన్న ఇంటికి ముందు వైద్యుడి దగ్గరికి తోడు కావాలి, వేళకు భోజనం పంపేవాళ్లు కావాలి, తర్వాతే మన సలహాలు.

ఈ వారం మీ ప్రయాణం ఎక్కడో ఆగిపోయి ఉండవచ్చు. వీసా రాలేదేమో, ఉద్యోగం పోయిందేమో, నమ్మి వెంట వెళ్లిన మనిషి వల్లే మీరు రేవులో నిలబడ్డారేమో. ఎందుకు ఇలా జరిగిందన్న ప్రశ్నకు ఆ రోజే జవాబు దొరక్కపోవచ్చు. కేరీ గారికీ దొరకలేదు. ఆయన చేసింది ఒక్కటే: పెట్టెలు ఎత్తుకుని, పక్కనున్న స్నేహితుడితో పాటు తర్వాతి అడుగు వేశారు.

ప్రభువా, దారి మధ్యలో దిగిపోయినవారిని ఆదరించు. తప్పు చేసినవారిని విడువని మనసు మాకు ఇవ్వు. మా పరిచర్య వెనుక నలిగిపోతున్న తల్లులను, భార్యలను, పిల్లలను చూసే కళ్లు మాకు దయచేయి. ఆమేన్.